కాశీం సాబ్ అంగడి బోర్డు

కొత్త జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది, జూన్ నెల రెండో సోమవారం మా కార్యాలయానికి ఒక ఉత్తరం వచ్చింది. అప్పటికి నేను హిందూపురం కేంద్రంగా నాలుగేళ్లుగా ఆహార భద్రతాధికారిగా పనిచేస్తున్నాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ నా పరిధిలోవే. రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి. దేశంలో ఆహార నియంత్రణ వ్యవస్థ ఎంత బాగా పనిచేస్తోందో మదింపు చేయడానికి ఢిల్లీ నుంచి ఒక బృందం వస్తోందనీ, వాళ్లు చూడబోయే ప్రాంతాల్లో మాదీ ఒకటనీ ఆ ఉత్తరం సారాంశం.

మదింపు వేరు, తనిఖీ వేరు. తనిఖీలో అంగడివాడికి చెమటలు పడతాయి. మదింపులో తనిఖీ చేసేవాళ్లకు పడతాయి. సిబ్బంది చాలినంత ఉన్నారా, ప్రయోగశాల నివేదిక గడువులోపల వస్తోందా, తప్పు దొరికితే ఆ తర్వాత ఏం చేశారు అని పెద్ద ప్రశ్నల పట్టిక ఒకటి పట్టుకొస్తారు. ప్రతి జవాబుకూ ఆధారం చూపాలి. ఆధారం లేకపోతే మార్కులు లేవు.

నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు, సంబరంగా అనిపించింది. ఈ నాలుగేళ్లలో నేను తీసిన నమూనాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని తప్ప మిగతావన్నీ ప్రమాణాలకు సరిపోయినవే. మా పై అధికారి, అంటే మా శాఖలో డెజిగ్నేటెడ్ ఆఫీసర్, ప్రతి సమీక్షలోనూ నా నమూనాల ఫలితాల పట్టికను తెర మీద వేసి చూపించేవారు. నా ఏలుబడిలో కల్తీకి చోటు లేదని నేనూ నమ్మాను. బడుల్లో, మహిళా సంఘాల్లో ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. ఆ పట్టిక చంకన పెట్టుకుని గౌరవంగా ఇంటికి పోవాలన్నదే నా కోరిక. అది దక్కుతుందో లేదో ఈ బృందం చేతిలో ఉంది.

ఇక్కడ నమూనా తీసే పద్ధతి కొంచెం చెప్పాలి. అంగట్లో సరుకు తీసుకుని నాలుగు భాగాలు చేస్తాం. పాలైతే చెడిపోకుండా ఫార్మలిన్ చుక్కలు వేస్తాం. ఒక్కో భాగాన్ని సీసాలో పోసి, కాగితం చుట్టి, దారం కట్టి, లక్క కరిగించి ముద్ర వేస్తాం. ఇదంతా ఒక సాక్షి కళ్లెదుట జరగాలి. ఆయన సంతకం చేయాలి. లేకపోతే రేపు కేసు నిలబడదు. చిక్కంతా ఆ సంతకం దగ్గరే. సీసాలు బయటికి తీయగానే బజారులో జనం ఎక్కడివాళ్లక్కడ మాయమవుతారు. కోర్టు మెట్లెక్కాల్సి వస్తుందని భయం.

అలాంటి ఊళ్లో నాకు దొరికిన వరం కాశీం సాబ్. హిందూపురం మార్కెట్టు మొదట్లో మిక్సీలు, గ్యాస్ స్టవ్‌లు రిపేరు చేసే అంగడి ఆయనది. యాభై దాటిన మనిషి. నేను వచ్చిన కొత్తలో పక్క మిఠాయి అంగట్లో నమూనా తీస్తుంటే, పిలవకుండానే వచ్చి నిలబడి, లక్క ముద్ర వేయడం కళ్లార్పకుండా చూసి, "ఈ పని శానా బాగుండాది మేడమ్, యాడ సంతకం పెట్టల్ల?" అన్నాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని ఒక నిమిషం పాటు పెట్టాడు. ఆ రోజు నుంచి మూడు ఊళ్లలోనూ ఆయనే నా సాక్షి. జీపులో ముందు సీటు ఆయనది. ధర్మవరంలో చెల్లెలి ఇల్లుంది కాబట్టి అటు వెళ్లే రోజున ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవాడు. ఏ ఊరికి పోతున్నామో ముందురోజు సాయంత్రం ఆయనకు మాత్రమే చెప్పేదాన్ని. నోరు జారే రకం కాదు. ఇంట్లో భార్యక్కూడా చెప్పేవాడు కాదు.

ఆయనతో ఒకే ఒక ఇబ్బంది ఫోను. సరిగ్గా లక్క కరిగే సమయానికి మోగేది. "మిక్సీ అయిందా?", "స్టవ్ ఎప్పుడిస్తావు?" అని గిరాకీలు. నేను వచ్చిన మొదటి నెలల్లోనే ఒకసారి ఆయన ఫోను తీయబోతే మోచేయి తగిలి కరిగిన లక్క నా చీర మీద ఒలికింది. ధర్మవరం పట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. "యాడికి పోతాండావో, ఎప్పుడొస్తావో అంగడి ముందర రాసి పెట్టి రా! చూసుకుని పోతారు, ఫోన్లు చెయ్యరు!" అని నలుగురిలో అరిచాను. పాపం, ఆ మాట ఆయన మనసుకు పట్టింది. ఫోన్లు ఆగిపోయాయి. నేనూ ఆ సంగతి మరిచిపోయాను.

బృందం వచ్చింది. దానికి పెద్ద మిశ్రాగారు. జీవితమంతా ప్రయోగశాలల్లో గడిపిన మనిషి, పొదుపుగా మాట్లాడతారు. మొదటిరోజంతా ఫైళ్లు చూశారు. నా పట్టిక చూసి మా పై అధికారి వైపు తలూపారు. ఆయన ముఖం వెలిగిపోయింది. తర్వాత మిశ్రాగారు ఫైళ్లన్నీ వరుసగా తెరిచి ఒకే చోట వేలు పెట్టి, మూడు ఊళ్లకూ కలిపి సాక్షి సంతకం పెట్టే మనిషి ఈయన ఒక్కడేనా అని అడిగారు. ఉన్న సంగతి చెప్పాను. చట్టంలో దీనికి అడ్డు లేదు కదా అని కూడా అన్నాను. లేదని ఒప్పుకున్నారు. రేపు ఎప్పటిలాగే, ఒక్క అడుగు కూడా మార్చకుండా, పెనుకొండలో నమూనా తీయండి, మేం వెనకాల ఉండి చూస్తాం అన్నారు.

మర్నాడు కాశీం సాబ్‌ను ఆయన ఇంటి దగ్గరే ఎక్కించుకున్నాం. పెనుకొండలో నేను ఎంచుకున్న మిఠాయి అంగడి ముందు జీపు ఆగగానే గుండె గర్వంతో నిండింది. నేల తళతళలాడుతోంది. పళ్లాలన్నిటి మీదా మూతలు. ఓనరు నెత్తికి టోపీ, చేతులకు గ్లవ్స్ వేసుకుని ఎదురొచ్చాడు.

"రాండి మేడమ్. కోవా తీసుకుంటారా, నెయ్యి తీసుకుంటారా? రెండూ తీసి పెట్టినా."

మేం కూర్చునేలోపల మూడు కుర్చీలు వచ్చాయి. కాశీం సాబ్‌కు స్టూలు వేరే. ఆయనకు షుగరు ఉందని చక్కెర లేని టీ కూడా వచ్చింది. నాలుగేళ్లుగా ఇదంతా చూస్తున్నాను. మర్యాద అనుకున్నాను. మిశ్రాగారు ఆ టీ వైపు చాలాసేపు చూశారు. జీపు ఎక్కాక, ఆ చక్కెర లేని టీ ముందే ఎలా తయారుగా ఉంది అని కాశీం సాబ్‌నే హిందీలో అడిగారు. కాశీం సాబ్ ఉర్దూలో అల్లాసాక్షిగా ఎవరికీ చెప్పలేదన్నాడు. నా వైపు తిరిగి తెలుగులోనూ మొరపెట్టుకున్నాడు.

"నేనెవరికన్నా చెప్తానా మేడమ్? నోరు కుట్టేసుకుని ఉండానే. బోర్డు తగిలించి గమ్మునొచ్చినా."

ఏ బోర్డు అన్నారు, ఆ ఒక్క మాట అర్థమైన మిశ్రాగారు.

జీపు నేరుగా హిందూపురం మార్కెట్టుకు పోయింది. కాశీం సాబ్ అంగడి మూసి ఉంది. షట్టరుకు నిలువెత్తు రేకు బోర్డు వేలాడుతోంది. పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలు, పెయింటరు చేత రాయించినవి: "మేడమ్‌తో పెనుకొండకు పోయినాను. సాయంత్రం వస్తాను." కాశీం సాబ్ దాన్ని తిప్పి వెనక వైపు కూడా గర్వంగా చూపించాడు. "మేడమ్‌తో ధర్మవరం పోయినాను." ఊళ్లో తనిఖీల కోసం ఇంకో చిన్న బోర్డు లోపల ఉంది. "మేడమ్‌తో ఊర్లోనే ఉండాను." రోజూ సుద్దముక్కతో రాస్తే చెరిగిపోతోందని రేకు మీదికి మార్చాడట. మూడు ఊళ్ల వ్యాపారులూ పొద్దున్నే బెల్లానికీ చింతపండుకూ వచ్చే దారి అది. బోర్డు చదవకుండా ఎవరూ మార్కెట్టులోకి పోలేరు. పెనుకొండ మిఠాయి అంగడివాడి అత్త కొడుకు అంగడి ఎదురుగానే ఉంది.

"మీరే గదా మేడమ్ చెప్పింది, యాడికి పోతాండావో రాసి పెట్టమని," అన్నాడు కాశీం సాబ్. నా ముఖం చూసి ఆయనకే భయం పట్టుకుంది. మిశ్రాగారు బోర్డును రెండు వైపులా ఫోటో తీసి, ఏదో ప్రశ్నకు ఆధారంగా రాసుకున్నారు. మా పై అధికారి ఆకాశం వంక చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు ఏం చేయాలో మిశ్రాగారే చెప్పారు. పెనుకొండ బోర్డు తగిలించాలి, ధర్మవరం పోవాలి. కాశీం సాబ్ ససేమిరా అన్నాడు. నేను గట్టిగా అంటే ఒప్పుకున్నాడు గానీ, దారిలో చెన్నేకొత్తపల్లి దాటేదాకా సీట్లో కుదురుగా కూర్చోలేదు. "అబద్ధం రాసిపెట్టి వచ్చినా మేడమ్. గిరాకీలు పెనుకొండలో వెతుక్కుంటే ఎట్ల?" అని ఒకటే సణుగుడు.

ధర్మవరంలో నేను ఎన్నోసార్లు నమూనా తీసిన కారాల అంగడి ఒకటుంది. ఒక్కసారి కూడా తప్పు రాలేదు. పండగలకు మా ఇంటికి బూందీ అక్కణ్నుంచే తెచ్చుకునేవాళ్లం, నేనే మెచ్చిన అంగడి కదా. ఆ రోజు లోపలికి పోయేసరికి బాండలిలో నూనె తారులా ఉంది. బూందీలో కలపడానికి డబ్బా మీద పేరు లేని నారింజ రంగు పొడి తీసి పెట్టుకున్నారు. శనగపిండి బస్తా మీద పిల్లి పడుకుని ఉంది. ఓనరు బనీను మీదనే పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి అతనికి రావాల్సింది భయం. వచ్చింది మాత్రం కోపం.

"ఏం మేడమ్, ఈ పొద్దు మీరు పెనుకొండలో గదా ఉండాల్సింది!"

మిశ్రాగారికి తెలుగు రాదు. అయినా తర్జుమా చేయమని అడగలేదు. నాకు మాత్రం నిజంగా సిగ్గేసింది. నాలుగేళ్లు నేను చెప్పిన ఉపన్యాసాలు, మా ఇంట్లో తిన్న బూందీ, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఆ పరధ్యానంలో లక్క సరిగా పడలేదు. కాశీం సాబ్ సీసా పట్టుకుని సాయం చేశాడు. ఎప్పటిలాగే ఒక నిమిషం పాటు సంతకం పెట్టాడు. ఆ రోజు తీసిన నమూనాల్లో ఒక్కటి కూడా పాసు కాలేదు.

బృందం నివేదికలో మా పద్ధతులకు మంచి మార్కులే వచ్చాయి. ముద్రలు, కాగితాలు, గడువులు అన్నీ సక్రమం. ఫలితాల దగ్గర మాత్రం, వీటిని ఆధారంగా తీసుకోలేం అని ఒక్క వాక్యం రాశారు. కాశీం సాబ్‌ను నేను మానిపించలేదు. కొత్త బోర్డు ఒకటి నేనే చెప్పి రాయించాను. "పని మీద పోయినాను." అది చూసి ఆయన, ఇదేం బోర్డు మేడమ్, ఇందులో ఏమీ లేదు అని చాలా నొచ్చుకున్నాడు.

తర్వాతి మూడు నెలల్లో నా పట్టిక తలకిందులైంది. పాసైనవాటికంటే ఫెయిలైనవే ఎక్కువ. నేను రిటైరయ్యే వారంలో పైనుంచి మెమో వచ్చింది. నాలుగేళ్లు ఆదర్శంగా ఉన్న పరిధిలో ప్రమాణాలు హఠాత్తుగా ఎందుకు దిగజారాయో వివరణ ఇవ్వాలట. ఒక్క వాక్యం రాసి పంపాను: అంగళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి, బోర్డు మారింది.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది కొంచెమే. ఒక నియంత్రణ వ్యవస్థ బాగా పనిచేస్తోందని పట్టిక చెబితే, ఆ పట్టిక నింపడానికి మనం బయలుదేరిన సంగతి ముందుగా ఎవరెవరికి తెలుసో అడగాలి. ఆ ప్రశ్న నేను నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. జవాబు రాసిపెట్టిన ఆ బోర్డు ముందునుంచే రోజూ జీపులో పోయాను, తలెత్తి చదవలేదు.