తాడు పట్టినవాళ్ల వాటా

“నువ్వు చెబితే ఆ ముసలాయన వింటాడత్తా. పొద్దుటికి ఆ పడవ తీయకపోతే క్రేన్ వచ్చేస్తాది. పని ఆగితే ఇంటికి పంపేది నన్నే,” అన్నాడు మా అల్లుడు.

“ఏం చెప్పమంటావురా? నీ కూడు లాక్కుంటున్నాం, కాస్త దారివ్వు బాబూ అనా?” అన్నాను.

“మొన్న తుఫానుకి నీ మంచం కిందకి నీళ్లొస్తే, గోడ కట్టరేంట్రా అని అరిచిందెవరు?”

“నేనే. గోడ కట్టమన్నాను గానీ ఒడ్డంతా మూసెయ్యమన్నానా?”

అల్లుడంటే నా తమ్ముడి కొడుకే. మస్కట్ దాటాక సముద్రానికి అడ్డంగా గోడ, దాని వెంట రోడ్డు వేసే కంపెనీలో సూపర్‌వైజరు. పడవ ఒక ఒమానీ ముసలాయనది. పొద్దున్నే వల వేసి, తాడు పికప్ బండికి కట్టి ఒడ్డుకు లాగిస్తాడు. చివర్లో మాత్రం మనుషులు పట్టాలి. తాడు పట్టినవాళ్లకు ఇన్ని చేపలు పెట్టడం మా ఊరి తీరంలోనూ ఉంది. ఒకరోజు ఎవరూ పిలవకుండానే వెళ్లి పట్టాను. నేను అడక్కుండానే నా సంచిలో నూనె కవళ్ల చేపలు పోశాడు. ఆ తర్వాత చేపల కోసం బస్సెక్కి రూవి బజారుకి వెళ్లింది లేదు.

గోడకి రాళ్లు పోశాక మా ఇళ్లలోకి నీళ్లు రావడం ఆగింది, నిజమే. ఒడ్డు వైపు ఇసుక కోసుకుపోయింది, అదీ నిజమే. బండి తిరగడానికి చోటు మిగిలింది పడవ ఉన్నచోటే. ఇప్పుడు రాళ్లు పడేదీ అక్కడే.

చెప్పనంటే చెప్పనని లేచి గిన్నెలు కడుక్కున్నాను. పడుకున్నాక మాత్రం, క్రేన్ గొలుసు బిగిస్తే ఆ పాత పడవ ఏమవుతుందోనన్న బెంగ వదల్లేదు.

తెల్లారగానే సంచి పట్టుకుని వెళ్లాను. ముసలాయన వల సర్దుతున్నాడు. నాకొచ్చిన హిందీలో క్రేన్ సంగతి చెప్పేశాను.

“క్రేన్ నహీ. టూట్ జాయేగా,” అన్నాడు, పడవ విరిగిపోతుందని.

వల బండిలోకి ఎత్తి, బండి తాడు పడవ ముక్కుకు కట్టాడు. నేనూ ఒక చెయ్యి వేశాను. పడవ ఇసుక దాటి రోడ్డెక్కింది. ఆయన అలవాటుగా నా సంచి కోసం చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

కాసేపటికి క్రేన్ వచ్చింది. అల్లుడు దిగి ఖాళీ ఒడ్డు చూశాడు.

“చెప్పావా అత్తా?”

సంచి మడుచుకుని ఇంటికొచ్చి, వాడి క్యారేజీలోకి పప్పు వండాను.