వేలెడంత ఇంజను, చారెడు ఇసక

ఇప్పుడైతే ఫోను తెరిచి వేలితో నొక్కితే చాలు, ఏ దేశం ఇంజనైనా పది రోజుల్లో గుమ్మంలోకి వచ్చి పడుతోంది. పెట్టె విప్పగానే అందులోంచి ఒక చక్రం ఊడి నా ఒళ్ళో పడుతోంది, అది వేరే సంగతి. నేను చెప్పబోయే కాలంలో ఈ సుఖం లేదు. నిరాశ పడాలన్నా సొంతంగా బస్సెక్కి వెళ్ళి, నిలబడి, బేరమాడి తెచ్చుకోవలసి వచ్చేది.

బొమ్మ రైళ్ళ పిచ్చి అనగానే వినేవాళ్ళు అద్దాల బీరువాలూ, గదంతా కొండలూ సొరంగాలూ ఊహించుకుంటారు. అంత గొప్ప పిచ్చి కాదు నాది. అందులోకెల్లా తక్కువ రకం పిచ్చి. నాకు కావలసింది పొట్టివి, చవకవి, నాలుగు చక్రాలతో సరిపెట్టుకునే ట్యాంకింజన్లు. పెద్ద ఇంజను తన బొగ్గూ నీళ్ళూ మొయ్యడానికి వెనకాల ఇంకో బండిని తగిలించుకుని తిరుగుతుంది, ప్రయాణమైతే చేతిసంచీ కూడా పక్కవాడి చేత మోయించే మగమహారాజులాగ. ట్యాంకింజను అలా కాదు. తన నీళ్ళు తన డొక్కలకే కట్టుకుంటుంది, తన బొగ్గు తన వీపు మీదే వేసుకుంటుంది, పైగా బండిని కూడా లాగుతుంది. అచ్చం ఉద్యోగం చేసే ఆడదానిలాగ. (ఈ మాట మా రైలుబొమ్మల ఫోను గ్రూపులో రాస్తే ఒక పెద్దమనిషి "మేడం, ఇక్కడ ఇంజన్ల గురించే మాట్లాడుకుందాం" అన్నాడు. నేను ఇంజన్ల గురించే మాట్లాడాను. ఆయనకి ఆ సంగతి బోధపరచడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, ఐదో రోజున ఆయన గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.)

ఈ పిచ్చి నాకు మా నాన్న వల్ల వచ్చింది. ఆయన నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే చిన్నబండికి డ్రైవరు. చిన్నబండి అంటే నిజంగానే చిన్నది, పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. దాన్ని లాగేది ట్యాంకింజనే, అసలు సిసలు పొగింజను. నౌపడాలో పెద్ద లైనూ చిన్న లైనూ పక్కపక్కనే ఉండేవి. అదే ఆయన ప్రాణానికి వచ్చింది. ఆయన టీ కొట్టు దగ్గరికి వెళ్ళగానే పెద్ద లైను డ్రైవర్లు "దారి తియ్యండ్రా, బొమ్మింజను డ్రైవరొస్తన్నాడు" అనేవారు. నాన్న వాళ్ళతోపాటు నవ్వేవాడు. ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని కంచం తోసేసేవాడు. (ఈ నవ్వుకీ ఆ కంచానికీ సంబంధం ఉందని చాలా కాలం నాకు తట్టలేదు. నా మాటలు నేను వినడంతోనే నాకు సరిపోయేది.)

తర్వాత పొగింజన్లు తీసేశారు, నాన్న రిటైరయ్యాడు. నాకు విజయనగరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం దొరికింది. అమ్మా నాన్నా నేనూ, ముగ్గురం అక్కడ అద్దె ఇంటికి వచ్చేశాం. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, ప్రపంచంలో ఎవరి తప్పునైనా వాళ్ళు అడగకుండానే దిద్దగల వయసు. నాన్న అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. దూరంగా స్టేషనులో బండి కూత వినపడితే చేతి గడియారం చూసుకుని "పదకొండు నిమిషాలు లేటు" అనేవాడు, ఎవరితోనూ కాదు, గాలితో. రోజంతా కలిపి ఆయన నోటినుంచి వచ్చే మాటలు అవే.

ఆ సంవత్సరం ఇంటర్ పేపర్లు దిద్దడానికి విశాఖ వెళ్ళాను. అక్కడ ఓడల్లోంచి దిగిన పాత సామాన్లు అమ్మే కొట్టులో, తుప్పు పట్టిన దిక్సూచీకీ విరిగిన గడియారానికీ మధ్య అది కనపడింది. నా మధ్యవేలంత పొడుగు, ఆకుపచ్చ రంగు, నాలుగు చక్రాలు, రెండు డొక్కలకీ రెండు నీళ్ళ తొట్లు. వెనక తగిలించే మూడు రైలు పెట్టెలూ, గుండ్రంగా అమర్చుకునే పట్టాలూ, కొన్ని తిన్నని పట్టాలూ కూడా ఉన్నాయి. "నడుస్తాదా?" అని అడిగాను. "పట్టాల మీద పెడితే ఎందుకు నడవదమ్మా" అన్నాడు కొట్టాయన. అది జవాబు కాదు, తిరిగి ప్రశ్న. ఎవరేమన్నా నమ్మని నేను ఆ ఒక్కటీ నమ్మేశాను. నాన్న ముఖం ఎలా వెలిగిపోతుందో ఊహించుకుంటూ బస్సులో కూర్చున్నాను.

ఆదివారం పొద్దున ముందు గదిలో పెట్టె విప్పాను. ఖర్మకొద్దీ మా బావ వచ్చి ఉన్నాడు. బావంటే మేనత్త కొడుకు, పెద్ద లైనులో డ్రైవరు. పెట్టెలోంచి ఇంజను పైకి తియ్యగానే అందుకున్నాడు.

"మావోయ్! నీ ఇంజను రిటైరైపోనాదనుకున్నాను, ఇంకా సర్వీసులోనే ఉన్నాదే! బొగ్గేటి ఏస్తావు, అగ్గిపుల్లలా?"

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నాన్న బావకేసి చూడలేదు, నాకేసి చూశాడు.

"నన్ను ఎక్కిరించడానికి ఇశాపట్నం నుంచి మోసుకొచ్చినావేటే?"

అప్పుడు కాళ్ళు పట్టుకుని ఉంటే ఐపోయేది. నేను వాదించాను. వెక్కిరించాలంటే ఇంత దూరం వెళ్ళనక్కర్లేదనీ, అది నేను ఇంట్లో కూర్చునే చెయ్యగలననీ, ప్రేమతో తెచ్చినదాన్ని గుర్తుపట్టడం తెలియని మనిషికి ఏం తెచ్చినా ఒకటేననీ, ఇలా వరసగా చెప్పాను. నేను మూడో వాక్యంలో ఉండగానే నాన్న చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మిగతాది బావకి చెప్పాను.

ఆ రోజునుంచి నాతో మాటలు మానేశాడు. కోపంగా కాదు, శుభ్రంగా మానేశాడు. నేను ఎదురుగా ఉండగానే అమ్మతో "వర్షమొచ్చేలాగున్నాది, గొడుగట్టుకెళ్ళమను" అనేవాడు. నా వంతు మాటలన్నీ ఆ ఇంట్లో అమ్మ మీదుగా ప్రయాణం చేసేవి.

నాకు ఒకటే దారి కనపడింది. ఆ ఇంజను మూడు పెట్టెల్నీ లాక్కుంటూ ఆయన ఎదుట ఒక్క చుట్టు తిరగాలి. ఆ డొక్కలు, ఆ పొగ గొట్టం, ఆ నడక చూసి ఆయన తనంతట తాను "ఇది ఇంజనే" అనాలి. నాకు ఆ ఒక్క మాట చాలు. ప్రిన్సిపాలుకి చెప్పి, గోడ కరెంటును బ్యాటరీ కరెంటుగా మార్చే పెట్టె ఒకటి ల్యాబులోంచి తెచ్చాను. పట్టాలు ముందు గదిలో పరిచాను. తీగలు కలిపాను. ఇంజను జానెడు దూరం నడిచి ఆగింది. వేలితో తోస్తే ఇంకో జానెడు నడిచింది. ఈ పొట్టి ఇంజన్ల రోగమే అది. చక్రాలు పట్టాల్లోంచి కరెంటు తాగాలి, ఉన్నవేమో నాలుగే చక్రాలు, మా వీధిలో దుమ్మేమో నలభై ఇంజన్లకి సరిపోయేంత. నెల రోజులపాటు నా బతుకు ఇదే. పగలు తరగతిలో కరెంటు గురించి పాఠం చెప్పడం, సాయంత్రం ఇంటికొచ్చి అదే కరెంటు చేత చీవాట్లు తినడం.

"ఒసే, గది తుడుసుకోవాలంటే మీ రైలు టైము సూసుకోవాలేటే?" అనేది అమ్మ. "పోనీ నడిసినా బాగున్ను."

నాన్న ఆ వైపు చూసేవాడు కాదు. కానీ వీధిలోకి వెళ్ళాలంటే ఆ పట్టాలు దాటాలి కదా. దాటేముందు ఆగి, ఎడం పక్కా కుడి పక్కా చూసి, అప్పుడు అడుగు వేసేవాడు. మోకాలెత్తు కూడా లేని ఇంజను, అదీ ఆగిపోయి ఉన్నది. ఆ చూపును నేను గమనించాను గానీ దాని అర్థం చదువుకోలేదు.

ఒకరోజు కాలేజీ ఒంటిపూటతో వదిలేశారు. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నాన్న ముందు గదిలో చాప మీద బోర్లా పడుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, పట్టాల మీదకి వంగి ఉన్నాడు. పక్కన కొబ్బరినూనె సీసా, పళ్ళెంలో ఇసక. రెండు వేళ్ళతో ముగ్గు వేసినట్టు పట్టాల మీద ఇసక వదుల్తున్నాడు. అమ్మ తలుపు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నాన్నా! ఏటి సేస్తన్నావు?"

నెల తర్వాత మొదటిసారి తిన్నగా నాకే జవాబు చెప్పాడు. "స్లిప్పైపోతన్నాదే. చక్రాలు తిరుగుతన్నాయి గానీ బండి కదలడం నేదు. నూనె ఎక్కువైనాది. ఇసకేస్తే పట్టుకుంటాది."

"ఇసకా?"

"తడిది కాదే! తడిదేస్తే ముద్దకడతాది, నాకు తెల్దేటి? మూకుట్లో ఏయించినాను. టీ జల్లెట్లో జల్లించినాను. మా షెడ్డులో కూడా ఇంత సన్నం ఇసక ఇచ్చీవోరు కాదు."

"ఏరుసెనగ్గుళ్ళు ఏయించుకునే మూకుడే అది!" అంది అమ్మ నాతో. "ఇంక మీ ఇంజనుకే ఒండి పెట్టుకోండి అందులో."

నిజం ఇంజన్లకి చక్రాలు జారితే డ్రైవర్లు పట్టాల మీద ఇసక వదులుతారు, అది వాళ్ళ పద్ధతి. ముప్పయ్యేళ్ళు అలా కొండవాలు ఎక్కించినవాడు, వేలెడంత ఇంజనుకి కూడా ఆ మర్యాదే చేశాడు. దాని పొట్టలో ఉన్నది ఆవగింజంత పళ్ళ చక్రాలని ఆయనకి ఎలా తెలుస్తుంది?

"అసలు నూనెందుకేసినావు?"

"పొద్దున నువ్వెళ్ళినాక పట్టాలు లుంగీతో తుడిసినాను. తుడిస్తే, మూడు పెట్టెల్తోటి నాలుగు సుట్లు తిరిగినాది. ఆగకండా. మీ అమ్మనడుగు." ఆయన గొంతులో ఆ నాలుగు చుట్లూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. "ఇంత బాగా నడిసినదాన్ని ఎండు చక్రాల్తోటి ఎలగ ఒదిలీగలను? నూనేసినాను."

తిరిగిందట! నెల రోజులు నేను కాపలా కాసిన చుట్టు, నేను లేనప్పుడు, నాలుగుసార్లు. అంతలో పట్టాల మీదున్న ఇంజను లోపల మోటారు ఒకసారి కీచుమని, ఇసక నమిలి, ఊరుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నూనె కరెంటుకి అడ్డం పడుతుందనీ, ఇసక చక్రాల పళ్ళు కొరికేస్తుందనీ తరగతిలో చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాను. నల్లబల్ల లేదు గానీ, ఉంటే బొమ్మ కూడా వేసేదాన్ని.

"ముప్పయ్యేళ్ళు ఇంజను నడిపినోణ్ణి, నాకు సెప్తావేటే?"

"ఇది ఇంజను కాదు నాన్నా! బొమ్మ! బొమ్మకి ఎవరైనా ఇసకేస్తారా?"

నాన్న అరచేతి అంచుతో ఇసకంతా పోగుచేసి, ఒక్క రేణువు కింద ఉంచకుండా పళ్ళెంలోకి ఎత్తాడు. నెమ్మదిగా లేచాడు.

"ఔన్లే. బొమ్మే" అని అరుగు మీదకి వెళ్ళి కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు పట్టాల దగ్గర ఆగలేదు. అటూ ఇటూ చూడలేదు.

అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "గెలిసినావు గదా. ఎల్లి కాళ్ళు కడుక్కో."

ఆ తర్వాత మూడు ఆదివారాలు నేను మనిషిని కాదు. కిరసనాయిలు, పాత పళ్ళ బ్రష్షు, కళ్ళజోళ్ళ కొట్టులో అడిగి తెచ్చుకున్న సన్న స్క్రూడ్రైవరు, ఇవే నా చుట్టాలు. ఇంజను మొత్తం విప్పి పాత క్వశ్చన్ పేపరు మీద పరిచాను. ఒక స్క్రూ ఎగిరి ఎటో పోయింది. (ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా వెతికాను.) ఇసక తీసిన కొద్దీ వస్తూనే ఉంది, ఆయన వేసినదానికంటే ఎక్కువే తీశానని ప్రమాణం చెయ్యగలను. చివరికి బిగించి తీగలు కలిపితే వెనక్కి నడిచింది. తీగలు అటుదిటు మార్చి కలిపితే ముందుకి రావాలి. రాలేదు. లోపల ఒక పన్ను విరిగినట్టుంది, ముందుకి తిప్పితే పట్టేసుకుంటోంది, వెనక్కైతే హాయిగా పోతోంది. ఎన్ని తంటాలు పడ్డా అంతే. ఇంతకంటే నా చేతుల్లో లేదని తేలిపోయింది.

సాయంత్రం అరుగు మీద నాన్న కుర్చీ ఎదురుగా తిన్నని పట్టాలు నాలుగు కలిపి పరిచాను. ఇంజను వీపు ఆయన వైపు పెట్టాను, వెనక మూడు పెట్టెలు తగిలించాలంటే మూతి వైపే తగిలించాల్సి వచ్చింది. సంజాయిషీ చెప్పుకోవడానికి మాటలు వెతికితే, దెబ్బలాటకి పనికొచ్చే మాటలే దొరికాయి. అందుకని తీగ కలిపాను. గిరగిరమంటూ, వీపు ముందు పెట్టుకుని, మూడు పెట్టెల్నీ ఈడ్చుకుంటూ ఆయన పాదాల దాకా వెళ్ళి ఆగింది.

"ముందుకి రాదు నాన్నా. పాడైపోయింది. ఎనక్కే నడుస్తాది."

నాన్న వంగి చాలాసేపు చూశాడు. నూనె కోసం వెతుకుతాడేమోనని నాకు భయమేసింది.

"ట్యాంకింజనుకి ముందేటి, ఎనకేటే?" అన్నాడు. "గుణుపురంలో తిప్పుకునే పని నేదు మాకు. ఎల్లినప్పుడు మూతి ముందు, వచ్చినప్పుడు ఈపు ముందు. నా సర్వీసు సగం ఎనక్కే నడిపినాను. ఇంజనన్నాక ఎటైనా నడుస్తాది."

ఇంజను అన్నాడు.

నా నాలిక చివర జవాబు సిద్ధంగా ఉంది. ఎటైనా నడిచేదే ట్యాంకింజను అయితే, ఒక్కవైపే నడిచేది ట్యాంకింజను ఎలా అవుతుంది? ఆయన వాదనలో అంత పెద్ద కన్నం. అందులోంచి గూడ్సు బండి దూరిపోవచ్చు. నేను పట్టాల పక్కన గొంతుక్కూర్చుని ఇంజనును తీసి మొదటికి పెట్టాను, మళ్ళీ తీగ కలిపాను. చీకటి పడేదాకా అలా వస్తూనే ఉంది. నాన్న గడియారం చూసుకుంటూ "రైటు టైము" అంటూనే ఉన్నాడు.

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడుతున్నాయి. నాన్న లేడు. నా దగ్గర పొట్టి ట్యాంకింజన్లు పదకొండున్నాయి, అందులో సవ్యంగా నడిచేవి రెండు. ఇంట్లోనూ, కాలేజీలోనూ, ఫోను గ్రూపులోనూ ఎవరి వాదనలో కన్నం కనపడినా వేలు పెట్టి చూపించకుండా ఉండలేను. అంత పెద్ద కన్నం ఎదురుగా పెట్టుకుని, ఆ సాయంత్రమంతా నోరు మూసుకుని కూర్చున్న పిల్ల ఎవరో గానీ, ఆ తర్వాత నాకు మళ్ళీ ఎక్కడా కనపడలేదు.