మావ లేచే పద్ధతి

శ్రీకాకుళంలో నర్సుగా చేరిన కొత్తలో నా చేతికి చిక్కిన మొండి రోగి మా మేనమావే. ఎచ్చెర్ల దగ్గర వరి రైతు. రక్తపోటు ఉందని డాక్టరుగారు మాత్రలు రాశారు. జాగ్రత్తలు చెప్పడం నా వంతు.

"మావా, ఈ మాత్రకి కళ్లు తిరుగుతాయి, పడుక్కున్నోడివి దిగ్గున లెగకు. ముందు కూకో. కాళ్లు ఏలాడేసి కాసేపాగు. కళ్లు తిరగట్లేదంటే అప్పుడు నిలబడు. ఉప్పు తగ్గించు. బాగుంది కదాని నీ అంతట నువ్వు మాత్ర మానీకు."

"లెగడానికి కూడా సదువేటే?" అని నవ్వేశాడు.

మర్నాడు ధాన్యం మేస్తున్న మేకను తోలడానికి మంచం మీంచి ఎగిరి లేచి, కళ్లు తిరిగి, సరిగ్గా ఆ మేక మీదే పడ్డాడు. ఇద్దరికీ దెబ్బల్లేవు గాని, మావకి నా మాట మీద భక్తి కుదిరింది. ఆనాటి నుంచి భోజనం పీట మీంచి, బస్సు సీట్లోంచి కూడా అంచెలంచెలుగానే లేచేవాడు.

"మీ మావ లెగిసేలోగా కోడి గుడ్డెట్టి పొదిగేస్తాది" అని అత్త నన్ను ఆడిపోసుకునేది.

అలాంటి రోజుల్లో మావ కూతురికి విజయనగరం సంబంధం వచ్చింది. చూపులకి నేనూ వెళ్లాను. మగపెళ్లివారు చెప్పిన వేళకన్నా ముందే దిగిపోయారు. వాకిట్లో మంచం మీద కునుకు తీస్తున్న మావ లేచి కూర్చున్నాడు. కాళ్లు వేలాడేశాడు. "ఆగండి, వస్తన్నాను" అని చెయ్యెత్తి, నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు.

పెళ్లికొడుకు తండ్రి మొహం జేవురించింది. "ఏటి, ఇంటికొచ్చినోళ్లని సూసి లెగడేటి ఈ పెద్దమనిషి?"

నేను మంచినీళ్లతో పరుగెత్తాను. "కోపం పడకండి బాబూ, రక్తపోటు మాత్రలు మింగుతున్నారు."

ఆయన ఆగిపోయాడు. మావ దగ్గరికొచ్చి, "ముక్కు దిబ్బడేస్తన్నాదా?" అని అడిగాడు.

"ఏస్తన్నాది."

"పగలు నిద్దరొస్తన్నాదా?"

"ఇప్పుడందులోంచే లెగిసేను."

"అయితే నాదీ అదే మాత్ర బావా!" అంటూ మంచం మీద పక్కనే చతికిలబడ్డాడు.

ఇక పిల్ల వచ్చి కూర్చుంది, వెళ్లింది. వీళ్లిద్దరూ తలెత్తి చూస్తే ఒట్టు. ఆవకాయ మానేసిన దుఃఖం చెప్పుకుంటున్నారు. భోజనాలకి పిలిస్తే మంచం అంచున నాలుగు కాళ్లూ వేలాడాయి.

"నీకు తల తిరుగుతన్నాదా బావా?" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి.

"లేదు. నీకో?"

"కొంచెం."

"అయితే నీకోసం ఆగుతాను."

ఆయన తేరుకునేసరికి మర్యాద కోసం ఆగిన మావకి మళ్లీ కునుకు పట్టింది. లేపితే మొదటి నుంచి మొదలు! పులుసు చల్లారిపోయింది. అంతసేపూ పెళ్లికొడుకు మాత్రం గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. గుమ్మం చాటున మా పిల్ల నవ్వు ఆపుకోలేకపోతోంది.

సంబంధం కుదిరింది. పెళ్లికి వియ్యంకులిద్దరూ పట్టుబట్టి డాక్టరుగారి సొంత రక్తపోటు మిషను నా చేత తెప్పించారు. వాళ్లిద్దరికీ చూడ్డం ఆలస్యం, విడిదిలో ఉన్నవాళ్లంతా చొక్కా చేతులు మడుచుకుని వరస కట్టారు. చివరికి సన్నాయి ఊదేవాడు కూడా సన్నాయి పక్కన పెట్టి చెయ్యి చాపాడు. తాళి కట్టే వేళకి నేను అతని చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతున్నాను. పురోహితుడు మేళం మేళం అని అరుస్తున్నాడు.