స్టిక్కర్ ఎక్కింది, మనిషి ఎక్కలేదు

హోటళ్ళలో దిగిన ఓడ ప్రయాణికులను పోగుచేసి రేవుకు చేర్చడం ఆమె ఉద్యోగం. ఎండ కాసినా కాయకపోయినా పసుపు గొడుగొకటి తెరిచి నెత్తిమీదికెత్తి పట్టుకుంటుంది. దాన్ని చూసుకుంటూ వెనకాల ఒక బస్సు జనం నడుస్తారు. అందుకే అందరికీ ఆమె గొడుగక్క. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. కట్టుకున్నవాడు కూడా కోపం వచ్చినప్పుడు "ఏమే గొడుగూ" అనే పిలుస్తాడు.

ఆమె ఆఫీసు మూడు ఓడల కంపెనీలకు బస్సులు నడుపుతుంది. కంపెనీల పేర్లు నోరు తిరగనివి కాబట్టి రేవు జనం వాటిని బంగారు ఓడ, తెల్ల ఓడ, నీలం ఓడ అంటారు. హోటల్ లాబీలో ఎవరో ఒకరు ఆమెను పక్కకు పిలిచి, "ఈ మూడింట్లో ఏది మంచిదంటారమ్మా?" అని గుసగుసగా అడగని రోజు లేదు. టికెట్ కొన్నాక అడగడమేమిటో! పెళ్ళయ్యాక పిల్ల ఎలాంటిదని వాకబు చేసినట్టు. ఆమె అందరికీ ఒకటే జవాబు చెబుతుంది. "మూడూ నీళ్ళమీదే పోతాయండీ."

ఇంట్లో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేది. బంగారు ఓడవాళ్ళది పైన పటారం, లోన లొటారం. మనిషికో కారు, చేతికో చల్లటి గ్లాసు ఇస్తారు గాని, రేవుకు వెళ్ళాక పెట్టెలేవని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తెల్ల ఓడవాళ్ళకు మనం టికెట్ కొనేదాకా ఓడ మల్లయ్య, కొన్నాక బోడి మల్లయ్య. బయటి గేటు దగ్గర బస్సు ఆపి దింపేస్తారు. అక్కడి నుంచి లారీల మధ్య పెట్టెలు ఈడ్చుకుంటూ ఎవరి తిప్పలు వాళ్ళవి. నీలం ఓడవాళ్ళు ఒక్కరే మనిషిని మనిషిలా చూస్తారు. పెట్టె హోటల్లోనే తీసుకుని ఓడలో మన గది గుమ్మం ముందు పెడతారు. కాగితాలు లాబీలోనే బల్ల వేసుకుని చూసేస్తారు. బస్సు టెర్మినల్ తలుపు దాకా వెళ్తుంది, అక్కడ చేతి నుంచి చేతికి అప్పగింత.

ఇదంతా ఆమె ఊసుపోక చెప్పిన మాట కాదు. అత్తగారి చెవిన పడాలనే చెప్పింది. ఎందుకంటే ఆడపడుచు పని చేసేది ఆ నీలం ఓడలోనే. అన్నిటికన్నా కింది అంతస్తులో, దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికే చోట.

ఏడేళ్ళ కిందట ఆ పిల్ల ఓడ ఉద్యోగానికి బయలుదేరుతుంటే, "గుమ్మం దాటావంటే నాకు కూతురు లేదనుకుంటాను" అంది తల్లి. నోరు జారింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా? కూతురు గుమ్మం దాటింది. అప్పటి నుంచి ఫోన్ చేస్తే వదినకే చేస్తుంది, "అమ్మ తింటోందా?" అని అడుగుతుంది. ఆ తల్లి పక్కగదిలో గోడకు చెవి ఆనించి వింటుంది, పిలిస్తే మాత్రం రాదు. ఇద్దరికిద్దరూ ఇద్దరే. మధ్యలో గొడుగక్క మొగుడు, అంటే ఆవిడ కొడుకు, గోడమీద పిల్లి.

విచిత్రమేమిటంటే ఆ ఓడ తరచూ ఈ రేవుకే వస్తుంది. అయినా కూతురు దిగదు, తల్లి ఎక్కదు. ఓడ ఆగిన పూటే అన్ని గదుల పక్కబట్టలూ మార్చాలి, ఉతికేవాళ్ళకు ఊపిరాడదు. బయటివాళ్ళను చూసిపోవడానికి కూడా ఓడ ఎక్కనివ్వరు. రావాలంటే ప్రయాణికురాలిగానే రావాలి. చివరికి ఆడపడుచే పనివాళ్ళ కుటుంబాలకు ఇచ్చే టికెట్ ఒకటి తల్లి పేర తీసి వదినకు పంపింది. "ఈ ప్రయాణం తర్వాత మా ఓడ వేరే సముద్రానికి వెళ్ళిపోతోంది వదినా. మళ్ళీ ఇటు ఎప్పుడొస్తుందో తెలీదు. అమ్మ వస్తే వస్తుంది, లేకపోతే లేదు." అత్తగారు టికెట్ అందుకుని, ఔననలేదు, కాదనలేదు, దిండు కింద పెట్టుకుంది. ఆవిడ దగ్గర అంతకంటే పెద్ద ఔను ఉండదని అందరూ అనుకున్నారు.

బయలుదేరే రోజు గొడుగక్క అత్తగారిని తనతోపాటే హోటల్‌కు తీసుకొచ్చింది. ఆ రోజు రెండు బస్సులు, తెల్లదీ నీలందీ. ఖర్మ కొద్దీ ఆమెకు తెల్ల బస్సు పడింది. నీలం బస్సు బాధ్యత అందరూ ఈల అని పిలిచేవాడిది. మాటకు ముందు ఈల వేసే అలవాటున్న కుర్రవాడు, ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు. "మొహాలు చూస్తూ కూర్చోకు, వందమందిని చూశాక అన్నీ ఒకేలా ఉంటాయి. స్టిక్కర్లు లెక్కపెట్టు" అని మొదటి రోజే నేర్పింది. కాగితాలు చూపించిన ప్రతివాళ్ళకూ ఆ ఓడ రంగు స్టిక్కర్ అంటిస్తారు. బస్సు తలుపు దగ్గర లెక్కపెట్టేది దాన్నే.

అత్తగారి శాలువా మీద నీలం స్టిక్కర్ ఆమే స్వయంగా అంటించింది.

"ఇది తియ్యకండి అత్తయ్యా. ఇదుంటే చాలు, మిమ్మల్ని ఓడ దాకా వాళ్ళే చూసుకుంటారు."

"నేను లేకపోయినా ఇదుంటే చాలా?" అంది అత్తగారు. కోడలు నవ్వేసి తన జనం వైపు వెళ్ళిపోయింది.

కాసేపటికి ఈల వచ్చి, "అక్కా, నీలం అంతా ఎక్కేశారు. లెక్క సరిపోయింది" అన్నాడు. అద్దాల అవతల నీలం బస్సు కదలడం చూసి గొడుగక్క గుండె తేలికపడింది. తర్వాత తన బస్సు లెక్క చూసుకుంటే ఒక మనిషి తక్కువ. మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ తక్కువే. ఎవరో ఒంటరిగా వచ్చిన పెద్దావిడ. లాబీలో లేదు, లిఫ్టు దగ్గర లేదు. బస్సులో ఉన్నవాళ్ళు సణగడం మొదలుపెట్టారు. అప్పుడు ఫోన్ మోగింది.

"అక్కా." ఈల గొంతులో ఎప్పుడూ ఉండే హుషారు లేదు. "టెర్మినల్ దగ్గర ఒకావిడ దిగి తెల్ల ఓడ టికెట్ చూపిస్తోంది."

"అమ్మయ్య, దొరికిందా! ఆవిడ కోసమే చస్తున్నా. నీ బస్సెక్కడమేమిటి, స్టిక్కర్ చూడలేదా?"

"చూశానక్కా. నీలం స్టిక్కరే ఉంది. శాలువా మీద. ఆ శాలువా మీ అత్తగారిది."

స్టిక్కర్ ఎక్కింది, మనిషి ఎక్కలేదు. ఇంతమందిని ఇన్నేళ్ళు రేవు దాటించి, సొంత అత్తగారిని పోగొట్టుకుంది. అదీ తాను నేర్పిన లెక్కతోనే! ఎవరిని తిట్టాలో తెలియక తనను తానే తిట్టుకుంది. మూడింటికి టెర్మినల్ తలుపులు మూస్తారు. ఆ తర్వాత రాజుగారొచ్చినా తియ్యరు.

ఈ పెద్దావిడను టాక్సీలో తెల్ల ఓడకు చేర్చమని ఈలకు చెప్పింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి తన గొడుగు డ్రైవర్ చేతిలో పెట్టి, "నువ్వే తీసుకెళ్ళి దింపన్నా" అంది. అతను నోరు తెరిచేలోపే హోటల్ లోపలికి పరుగెత్తింది.

లాబీ సోఫాల్లో లేదు. టిఫిన్ హాల్లో బల్లలు తుడుస్తున్నారు. ఆడవాళ్ళ బాత్రూముల తలుపులన్నీ తట్టింది, ఒకావిడ చేత చీవాట్లు తింది. బయట రోడ్డు మీద ఖాళీ కంటైనర్ లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగకుండా పోతున్నాయి. ఆవిడ ఎడమ చెవికి సరిగా వినిపించదు, హారన్ కొట్టినా పట్టించుకోదు. ఆ ఆలోచన రాగానే గొడుగక్క హోటల్ గేటు దాకా పరుగెత్తి రోడ్డు అటూ ఇటూ చూసొచ్చింది. మొగుడికి ఫోన్ చేద్దామని తీసి, ఏం చెప్పాలో తోచక మళ్ళీ జేబులో పెట్టుకుంది.

చివరికి గదులు ఊడ్చే మనిషి ఒకామె చెప్పింది. "బట్టలుతికేది ఎక్కడమ్మా అని ఒక పెద్దావిడ అడిగింది. కిందికి దారి చూపించాను."

మెట్లు రెండేసి దిగింది. నేలమాళిగలో యంత్రాలు గిర్రున తిరుగుతున్నాయి, ఆవిరి మొహాన కొడుతోంది. అంత రొదలోనూ అత్తగారి గొంతు ఖంగున వినిపించింది. "అంచుకు అంచు కలపకుండా మడిస్తే అది మడతవుతుందా, ముద్దవుతుందా?" పనివాళ్ళు ఇద్దరు దుప్పటి చెరో కొస పట్టుకుని బుద్ధిగా వింటున్నారు.

"అత్తయ్యా!"

"అరవకు. కుడి చెవి బాగానే ఉంది."

"మీ శాలువా..."

"ఆవిడ ఏసీ చలికి వణుకుతోంది, కప్పాను. నీలం చీటీ చూసి ఆవిణ్ణి ఎక్కించారు, మీ లెక్క సరిపోయింది. పొద్దుట్నుంచీ చూస్తున్నాగా, మీకు చీటీ వెళ్తే మనిషి వెళ్ళినట్టే."

గొడుగక్కకు అప్పుడు అర్థమైంది. ఇది పొరపాటు కాదు. "కావాలనే చేశారా? ఎందుకు?"

అత్తగారు చేతిలో దుప్పటిని మరో మడత పెట్టింది. మొహమంతా చెమట. "ఇంత వేడిలోనా అది ఇన్నేళ్ళూ ఉన్నది?" అంది, ఎవరినీ అడగనట్టు. తర్వాత గొంతు తగ్గించింది. "నన్ను చూసి అది మొహం తిప్పుకుంటే? వేరే ఎవరింట్లోనో అయితే లేచి వచ్చేస్తాను. నడి సముద్రంలో దిగి ఎక్కడికి పోనే?"

కోడలికి జాలి కలగాలి. కలిగింది కూడా. కాని దాని కంటే ముందు కోపం తన్నుకొచ్చింది, పెద్దంతరం చిన్నంతరం మరిచిపోయింది. "తిప్పుకుంటే తిప్పుకోనివ్వండి! ఏడేళ్ళు మీరు తిప్పుకోలేదూ? అది బతికే ఉందిగా!"

పనివాళ్ళు దుప్పటి వదిలేసి పక్కకు తప్పుకున్నారు. అత్తగారు చేతిలోని దుప్పటి పక్కన పెట్టింది.

"నీకు కూడా నోరొచ్చింది."

"మీ దగ్గరే నేర్చుకున్నాను. లేవండి."

ఆవిడ లేచింది.

హోటల్ సామాను వ్యాన్‌లో, కూరగాయల ఖాళీ బుట్టల మధ్య కూర్చుని బయలుదేరారు. బయటి గేటు దగ్గర లారీల వరుస. వ్యాన్ ఆగింది, కదిలింది, మళ్ళీ ఆగింది. గొడుగక్క తల బయటపెట్టి గేటు మనిషిని బతిమాలింది, బెదిరించింది, ఇన్నేళ్ళ పరిచయం గుర్తుచేసింది. అత్తగారు ఒళ్ళో చేతులు ముడుచుకుని కూర్చుంది.

టెర్మినల్ తలుపు ఇంకా తెరిచే ఉంది. తెల్ల ఓడావిడను దించేసి తిరిగొచ్చిన ఈల చేతిలో శాలువా పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"త్వరగా, త్వరగా! అక్కా, మీ ఆడపడుచు ఇక్కడికొచ్చింది."

"ఇక్కడికా? అదెలా?"

"నడవలేనివాళ్ళను చక్రాల కుర్చీల్లో ఓడలోకి తోసేందుకు ఇవాళ కింది పనివాళ్ళను కూడా తీసుకున్నారు. బతిమాలి ఆ డ్యూటీ వేయించుకుందట. మా బస్సు ఆగగానే శాలువా చూసి అమ్మే అనుకుని కుర్చీ తోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. తీరా చూస్తే శాలువాలో ఉన్నది వేరే మనిషి. మిగతావాళ్ళందరూ దిగేదాకా చూసి, ఖాళీ కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది."

అత్తగారు కుడి చెవితో అంతా విన్నది. ఈల చేతిలోంచి శాలువా లాక్కుని, టికెట్ తలుపు దగ్గరి మనిషి ముందు పెట్టి, కోడలికి వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా లోపలికి నడిచింది. గొడుగక్క వెంటబడబోతే కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. టికెట్ లేనివాళ్ళ హద్దు అక్కడితో సరి.

అద్దం గోడ వెనకాల పొడవాటి నడవా. దాని చివర ఓడ నోరు. నడవా మధ్యలో బూడిదరంగు బట్టల్లో ఒక మనిషి, ఖాళీ కుర్చీ మీద రెండు చేతులూ ఆనించి, ఇటు వీపు పెట్టి నిలబడి ఉంది. వెనకాల ఎవరో పిలిచినట్టు తల తిప్పింది. తల్లిని చూసింది. అంతే, మొహం అవతలికి తిప్పుకుంది.

గొడుగక్క అద్దానికి అరచేతులు ఆనించింది. అత్తగారు ఆగిపోయింది. వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. తలుపు ఇంకా మూయలేదు, రావాలంటే వచ్చేయవచ్చు. వద్దు, రావద్దని గొడుగక్క అద్దం ఇవతల నుంచి తల అడ్డంగా ఊపింది.

ఆవిడ ముందుకే నడిచింది. మోకాలు సహకరించక ఒకవైపుకు ఒరుగుతూ, ఆగకుండా నడిచింది. కూతురి భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. ఆ పిల్ల మోచేతితో కళ్ళు తుడుచుకుంటూ కుర్చీ చూపించింది, కూర్చోమని. తల్లి ఆ ఉబ్బిన కాళ్ళ వంకా, ఆవిరికి నానిపోయిన చేతుల వంకా చూసింది. భుజాలు నొక్కి కూతురినే కుర్చీలో కూలేసింది. ఒంటి మీద శాలువా కప్పి, వెనక్కి వచ్చి, కుర్చీ తోయడం మొదలుపెట్టింది.

ఎవరో పెద్దాఫీసరు అవతల నుంచి చేతులూపుతూ వస్తున్నాడు. అత్తగారు అతన్ని ఖాతరు చెయ్యలేదు. నోరు మాత్రం ఆగకుండా ఆడుతోంది. ఆవిడ ఎవరినైనా అంత వరస పెట్టి తిట్టిందంటే వాళ్ళు ఇంటి మనుషులన్నమాట. కూతురు తల వెనక్కి వాల్చి ఏదో ఎదురు చెబుతోంది.

అద్దం ఇవతలికి ఒక్క మాటా వినిపించలేదు. ఇద్దరూ ఓడలోకి వెళ్ళేదాకా గొడుగక్క అక్కడే నిలబడి, ఆ పోట్లాట చూస్తూ ఏడ్చింది.