దూది కరిచిన గంట

అమ్మ దినాలైన మర్నాడు దమ్మపేటలో మా పుట్టింట్లో జరిగిందిది. నా దవడపన్ను సలుపు చూడలేక అన్నయ్యే పొద్దున్నే బండి మీద తీసుకెళ్ళి పీకించాడు. గంటసేపు దూది కరిచిపట్టుకోమని, మాట్లాడొద్దని, ఉమ్మొద్దని డాక్టర్ చెప్పాడు.

తిరిగొచ్చేసరికి వాకిట్లో పంపకాల కోసం పెద్దమనుషులున్నారు. జీడిమామిడి తోట నాకేనని అమ్మ బతికుండగా అందరికీ చెప్పింది.

"తోట నాకే ఇడిసిపెడతా అన్నది చెల్లె" అన్నాడు అన్నయ్య.

"అవునా బిడ్డా?" పెద్దాయన నన్నడిగాడు. మా దగ్గర ఆడబిడ్డను ఒక్కసారే అడుగుతారు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే.

దూది తీసి కాదనబోయాను. మత్తుసూదికి మొద్దుబారిన నాలుక తిరగలేదు. చొంగ, నెత్తురు కలిసి చీర మీద కారాయి. ఎవరో నవ్వారు. అన్నయ్య తన తువ్వాలతో నా మూతి తుడిచి, కొత్త దూది కుక్కి, తల కూడా ఆడించనీకుండా గడ్డం పట్టుకుని నోరు మూశాడు.

"మాట్లాడొద్దన్నడు గద చెల్లె. నెత్తురు ఆగదు."

"అన్నంటే గిట్లుండాలె" అంటూ పెద్దాయన లేచాడు.

పన్ను పీకించుకున్నాక ఏం తినాలో, ఎప్పుడు పుక్కిలించాలో డాక్టర్లు చెబుతారు. పక్కన ఎవరుండకూడదో నన్నడగండి.