మా వియ్యంకుడి సర్కారు ఆవులు

మా అమ్మాయి మగపిల్లవాణ్ణి కన్నదని వీధివీధీ తిరిగి బెల్లం పంచి, పట్టలేని సంతోషంతో ఇంటికొచ్చాను. గుమ్మంలో ఒక మనిషి తలొంచుకుని నిలబడి ఉన్నాడు. మా వియ్యంకుడు పోయారట. మనవడి ముఖం చూడనేలేదు మహానుభావుడు! ఆ సంతోషం ఇంకా నాలో అలాగే ఉంది. దాన్నేం చేసుకోను? చదువు తక్కువవాణ్ణి, తోచినట్టు రాస్తున్నాను.

ఆయనది నల్లమల అంచున మెరక ఊరు. పశువులే ఆస్తి. అక్కడ గడ్డి మాడిపోగానే మందను తోలుకుని మా నల్లరేగడి చేలకు దిగేవారు. పత్తి తీసేసిన చేలల్లో మంద కట్టేవారు. మాకు ఎరువు, ఆయన గొడ్లకు మేత. కల్లంలో మా మిరపకాయలు చూస్తే చాలు, ముక్కు మూసుకునేవారు.

“గొడ్డు మూతి పెట్టలేంది కూడా ఒక పంటేనా బావగారూ?”

“మీ ఊళ్ళో గొడ్లు రాళ్ళు నములుతాయంటగా!” అనేవాణ్ణి.

పకపకా నవ్వేవారు. “గొడ్లు నీళ్ళు తాగినయ్యా?” అని అడగందే మాత్రం కంచం ముట్టేవారు కాదు. ఎంత బంగారం లాంటి మనిషి!

ఒక ఏడు మెరక ఊళ్ళవాళ్ళకు పాడి ఆవులు కొనుక్కోమని సర్కారు సాయం చేసింది. ఆయన ఎంత పొంగిపోయారో! ఆవుల్ని అమ్ముకుంటారేమోనని సర్కారువాళ్ళు ఒక షరతు పెట్టారు. ఆఫీసరు వచ్చి చూసిందాకా ఆవులు ఊరు దాటకూడదు. ఆ ఏడే వానలు ఎగ్గొట్టాయి. ఊరి మందలన్నీ కిందికి దిగాయి, ఆయన రాలేదు. నేనే జొన్నచొప్ప బండి కట్టుకుని వెళ్ళాను. ఆయన ఇంటి కప్పు గడ్డి పీకి ఆవులకు వేస్తున్నారు.

“తోలుకు రండి బావగారూ, నా చేలో కట్టేద్దాం.”

“వేలిముద్ర వేశానండీ. రేపొస్తాడంట ఆఫీసరు.”

నేనూ అక్కడే ఆగిపోయాను. ఆ రేపు వచ్చేసరికి నా చొప్ప కూడా అయిపోయింది. ఆఫీసరు మంచివాడే. ఆవుల్ని చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

“తోలుకుపోండి పెద్దాయనా. పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను.”

తోలడానికి అవి లేస్తేగా! ఒక ఆవు పొట్ట కింద వాసం దూర్చి అందరం ఎత్తాం. ఆఫీసరు కూడా చొక్కా చేతులు మడిచి పట్టాడు. లేచింది, కాళ్ళు వణికాయి, మళ్ళీ కూలబడింది. ఇంకోసారి ఎత్తాం. అంతే. ఏం చేయాలో ఎవరికీ తోచక వాసం వదిలేశాం.

ఆయన వదల్లేదు. ఆవు డొక్క కింద భుజం ఆనించి, దాని చెవి దగ్గర మెల్లగా అంటూనే ఉన్నారు.

“లే తల్లీ. ఇప్పుడు పోవచ్చంట.”