తొమ్మిదో వరస

ఆ కంప్యూటరుకు ఈరోజు ఏ తేదీయో తెలియదు. లోపలి బ్యాటరీ చచ్చి పదేళ్లు దాటింది. రోజూ పొద్దున మీట నొక్కగానే నల్లని తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగి తేదీ అడుగుతాయి. జీవమ్మ చెబుతుంది. చెప్పనిదే అది కదలదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో ఉన్న ఆ శనగ విత్తనాల గోదాములో పదేళ్లుగా పని అట్లాగే మొదలవుతోంది. ముందు జీవమ్మ దానికి తేదీ చెప్పాలి, తర్వాతే హమాలీలు బస్తా ఎత్తాలి.

సెప్టెంబరులో ఒక పొద్దున అది తేదీ అడగలేదు. మూడుసార్లు కీచుమని ఊరుకుంది. జీవమ్మ దాని డొక్కలో అరచేత్తో చరిచింది. నాలుగోసారికి లేచింది. అమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగితే యజమానురాలు ఉమామహేశ్వరమ్మ గడపలో నిలబడి అంతా చూస్తోంది.

"ఇంకెన్నాళ్లు మే, దీన్ని ఇట్ల కొట్టి లేపేది?"

"లేస్తాది గదమ్మా."

"లేవని నాడు? వాన పడి, రైతులు గేటు కాడ నిలబడి ఉండంగా లేవకపోతే? అప్పుడు ఏ లాటు యాడ ఉండాదో ఎవరు చెప్పల్ల?"

నేను చెబుతాను అనే మాట జీవమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. యాభై ఏడేళ్ల మనిషి జ్ఞాపకాన్ని నమ్మి గోదాము నడుపుతారా ఎవరైనా? ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే ఆలోచన. యంత్రం పోతే తాను కూడా పోయినట్టేనా?

జీవమ్మ ఈ గోదాముకు గింజలు లెక్కపెట్టే కూలీగా వచ్చింది. తొమ్మిదో తరగతితో బడి మానేసిన పిల్ల. పని వినడానికి చిన్నదే. ఒక దఫాలో కలిసి వచ్చిన బస్తాలన్నీ ఒక లాటు; ప్రతి లాటు నుంచీ నూరు గింజలు తీసి, తడి కాగితంలో చుట్టి, ఎనిమిదో రోజు విప్పి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టాలి. నూటికి ఎనభై అయిదు మొలిస్తే అది విత్తనం. తక్కువయితే పప్పు మిల్లుకు పోవాల్సిన సరుకు. ఆమె లెక్క తప్పదని చూసి, ఉమామహేశ్వరమ్మ భర్త బతికున్న రోజుల్లోనే ఆమెను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. ఆ ప్రోగ్రాము రాసింది నంద్యాల ఆనందరావు. నేర్పిందీ ఆయనే.

రాయడంలో ఆనందరావు ఒక పొరపాటు చేశాడు. మొలక ఎనభై అయిదుకు తక్కువని వేస్తే ఆ లాటు తెర మీద నుంచే మాయమయ్యేది. బస్తాలు గోదాములోనే ఉంటాయి, కంప్యూటరులో మాత్రం ఉండవు. "సరిచేయడానికి నెల పడుతుంది. అందాకా ఇట్ల చెయ్ జీవమ్మా" అని ఆయన ఒక ఉపాయం చెప్పాడు. చెడ్డ లాటుకు కూడా మొలక ఎనభై అయిదనే వేయాలి. వరస దగ్గర మాత్రం తొమ్మిది వేయాలి. గోదాములో ఉన్నవి ఎనిమిదే వరసలు. తొమ్మిదో వరస లేదు, చెడ్డ బస్తాలు కూడా ఎనిమిదో వరసలోనే సర్ది ఉంటాయి. కాబట్టి తొమ్మిది కనిపిస్తే చాలు, అది విత్తనానికి పనికిరాదని తెలిసిపోతుంది.

ఆ నెల పాతికేళ్లయినా ముగియలేదు. తాత్కాలికం అన్న మాటకు మన దగ్గర ఆయుష్షు ఎక్కువ. హమాలీల నోళ్లలో అదొక తిట్టయి కూర్చుంది. పనికి రాని తన అల్లుణ్ణి చూసి హమాలీల మేస్త్రీ రంగయ్య, "వాడు తొమ్మిదో వరసప్పా" అంటాడు. అందరూ నవ్వుతారు. అందరికీ తెలిసిన సంగతిని ఎవరు మాత్రం కాగితం మీద రాసిపెడతారు?

ఉమామహేశ్వరమ్మ తొందరపడే మనిషి కాదు. జీవమ్మను వెంటబెట్టుకుని నంద్యాలలో ఆనందరావు ఇంటికి పోయింది. ఆయనకు షుగరుతో చూపు సగం పోయింది.

"రాసినోణ్ణి నేనే గానీ, ఇప్పుడు నాకే కనపడదు" అని నవ్వాడు. "లోపలిది కదిలియ్యద్దమ్మా. దాన్ని ఒక మంచి కంప్యూటరులోకి ఎక్కించి, పైన చూడ్డానికి ఒక కొత్త ముఖం తగిలించుకోండి. అన్నేండ్ల పనితనం ఉండాది దాంట్లో."

ఉమామహేశ్వరమ్మ పిలిపిస్తే మరునాడు డేనియల్ వచ్చాడు. నంద్యాలలోనే దుకాణాలకు సాఫ్ట్‌వేర్ పెట్టే పిల్లవాడు. ముప్పై ఏళ్లుంటాయి, మాట వేగం. డీలర్లందరూ ఇప్పుడు బస్తా మీద క్యూఆర్ కోడ్ అడుగుతున్నారనీ, పాతది అది ఇవ్వలేదనీ చెప్పాడు.

"కొత్త ముఖమంటే కూలిపోయే గోడకు సున్నం కొట్టడమే మేడమ్. పడగొట్టి కట్టుకోవల్ల. పాత లెక్కలన్నీ రెండు దినాల్లో దీంట్లోకి తెచ్చేస్తా."

ఉమామహేశ్వరమ్మ వారం రోజులు అటూ ఇటూ ఊగింది. పాతది ఉంచితే అదునులో పడుకుంటుందేమోనని భయం. తీసేస్తే అదునులో కొత్తది తడబడుతుందేమోనని భయం. చివరికి జీవమ్మను అడిగింది.

"నువ్వేమంటావ్ మే?"

అడిగింది గదా, చెప్పవచ్చు గదా! జీవమ్మ కొంగు సర్దుకుని, "మీ ఇష్టమమ్మా" అంది. మనసులో మాత్రం, ఇన్నేళ్లు చేసినదాన్ని చివర అడుగుతారా అని మంట. ఆ మంటే కొంప ముంచింది.

డేనియల్ ఆమె పక్కన కుర్చీ వేసుకుని రెండు రోజులు కూర్చున్నాడు. తెర చూసి ఈల వేశాడు.

"ఏం ఆంటీ, దీన్ని యాడన్నా తవ్వితే దొరికిందా?"

"నువ్వు పుట్టకముందు నుంచి అన్నం పెడతాండాది నాయనా, నవ్వద్దు."

"నేను పుట్టినాకనే వచ్చింటాదిలే ఆంటీ." అడిగినవన్నీ రాసుకున్నాడు. లేచేటప్పుడు బ్యాగు జిప్పు లాగుతూ, "ఇంకేమన్నా ఉండాదా ఆంటీ? అంతేనా?" అన్నాడు.

పాతికేళ్ల పనిని 'అంతేనా' అని జిప్పుతో మూసేస్తే ఎవరికి మండదు? తొమ్మిదో వరస ఆమె గొంతులోనే ఉంది. వాడే చూస్తాడు, ఎనిమిదే వరసలున్నాయి గదా, ఇదేందని అడుగుతాడు, అప్పుడు చెప్దాం, అప్పుడు తెలుస్తుంది జీవమ్మ అంటే ఎవరో, అనుకుంది.

"అంతే" అంది.

అక్టోబరు మొదటి వారంలో కొత్త కంప్యూటరు వచ్చింది. తెల్లని తెర, తేదీ దానికే తెలుసు. పాతదాని మీద ఒక దుప్పటి కప్పి మూలకు జరిపారు. జీవమ్మకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. డేనియల్ అడగడానికి వస్తాడని ఒక రోజు చూసింది, రెండు రోజులు చూసింది. మూడో రోజు రాత్రి వాన పడింది. నల్లరేగడి నానితే శనగకు అంతకంటే ఏం కావాలి! తెల్లారేసరికి ఫోన్లే ఫోన్లు. నేలలో తడి పదును ఆరకముందే విత్తనం కావాలి.

జీవమ్మ తొమ్మిది గంటల బస్సు దిగి లోపలికి వచ్చేటప్పటికి రంగయ్య చెమట తుడుచుకుంటున్నాడు.

"కోయిలకుంట్ల లారీ ఆరు గంటలకే పాయె జీవమ్మక్కా. కొత్త మిషను చీటీలు బేగా ఇస్తాండాది!"

ఆమె చీటీ అందుకుని చదివింది. మూడు లాట్లు. మూడోది నలభై ఏడో నంబరు లాటు. మొలక ఎనభై అయిదు, వరస ఎనిమిది.

నలభై ఏడో లాటు గింజల తడి కాగితం విప్పింది ఆమె చేతులే. ఎన్నో గింజలు కాగితానికి అంటుకుని బూజు పట్టి ఉన్నాయి. మొలిచినవి అరవై ఒకటి. డేనియల్‌కు ఫోన్ చేసింది.

"తొమ్మిదో వరసను ఏం చేస్తివి నాయనా?"

"అదా ఆంటీ? గోదాములో ఎనిమిదే గదా ఉండేది. ఎవరో తప్పు కొట్టినారని అన్నీ ఎనిమిదిలోకి మార్చినా. ఏం, ఏమాయె?"

ఎవరో తప్పు కొట్టినారంట! ఆ మాటకు కోపం రావాలి. రాలేదు. భయం ముందు కోపానికి చోటెక్కడిది? ఇప్పుడు నోరు మూసుకుంటే తప్పు డేనియల్‌ది, లేదా కొత్త యంత్రానిది. 'చూసినారా, పాతదే మేలు' అని అందరూ అంటారు. దుప్పటి తీస్తారు, ఆమె కుర్చీ ఆమెకు వస్తుంది. కోయిలకుంట్లలో ఎవడో ఒకడు చచ్చిన గింజను తడి నేలలో పోసుకుంటాడు. అంతే గదా? జీవమ్మ చీటీ మడిచి చేతిలో పట్టుకుంది. తర్వాత ఉమామహేశ్వరమ్మ గదికి పోయి, కూర్చోకుండా చెప్పింది.

"వాడు అడిగినాడమ్మా. ఇంకేమన్నా ఉండాదా అని అడిగినాడు. నేనే చెప్పలేదు. పంతానికి చెప్పలేదు."

ఉమామహేశ్వరమ్మ కారు తాళం అందుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. "కారెక్కు" అంది.

లారీ డ్రైవరు ఫోన్ ఎత్తడు, డీలరూ ఎత్తడు. దారి పొడుగునా చేలల్లో విత్తే గొర్రులు తిరుగుతున్నాయి. ప్రతి గొర్రు వెనకా విత్తనం పోసే చెయ్యి కనిపిస్తే, అది తన లాటేనేమో అని జీవమ్మ అద్దం దించి చూసింది. పెదవుల మీద ప్రార్థన కదిలింది. మధ్యలో ఆగిపోయింది. దేవుణ్ణి ఏమని అడగాలి? మొలవని గింజను మొలిపించమనా?

కోయిలకుంట్లలో డీలరు అంగడి ముందు లారీ ఖాళీగా ఉంది. నలభై ఏడో లాటువి నలభై బస్తాలు. ముప్పై నాలుగు అంగట్లోనే దొరికాయి. మూడు బస్తాలు ఆటోలో ఎక్కుతుండగా రంగయ్య అల్లుడే, అదే ఆ తొమ్మిదో వరస అల్లుడు, లారీతో వచ్చినవాడు, అడ్డం పడి దించాడు. మిగిలిన మూడూ లారీ రాగానే దేవసహాయం అనే కౌలు రైతు తీసుకుపోయాడు. ఊరి బయటే, రెండెకరాలు.

వాళ్లు చేను చేరేసరికి ఆయన గొర్రు విప్పుతున్నాడు. మూడు సంచులూ ఖాళీ.

ఉమామహేశ్వరమ్మ సంగతి చెప్పి, మంచి విత్తనం సాయంత్రానికల్లా ఊరికే పంపుతానంది. దేవసహాయం ఆమె వైపు చూడలేదు.

"ఎన్ని మొలుస్తాయి?"

"నూటికి అరవై ఒకటి" అంది జీవమ్మ. "నేనే లెక్కబెట్టినా."

"తెల్సీ పంపించినావా మే?"

"తెల్సి చెప్పకపోతినన్నా. లారీలో పోయేది నాకు తెల్దు."

ఆయన వంగి ఒక మట్టిగడ్డ పిసికి చూశాడు. "పదును ఇంక రెండు దినాలు ఉంటాది. మళ్లా గొర్రు తోలుతా. ఒక చేనికి రెండు తూర్లు విత్తేది నా బతుకులో చూడలేదు, పెండ్లికి రెండు తూర్లు తాళి కట్టినట్ల. గొర్రు బాడుగ నీదేనమ్మో" అన్నాడు ఉమామహేశ్వరమ్మతో. జీవమ్మతో, "నువ్వు ఎనిమిదో దినం వచ్చి లెక్కబెట్టల్ల. రాకపోతే నేనే వస్తా మీ గోదాముకు."

ఆ ఎనిమిది రోజులూ జీవమ్మ తిన్నది తిన్నట్టు ఒంటబట్టలేదు. రెండోసారి తోలిన గొర్రు మొదటి గింజల్ని పెకలించి ఉంటే? ఒత్తుగా మొలిచి ఒకదాన్నొకటి చంపుకుంటే? ఎనిమిదో రోజు మొదటి బస్సుకు పోయింది. సాలు వెంట కూర్చుని వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టింది. ఒక చోట గుంపుగా, ఒక చోట పలచగా, కానీ మొలిచాయి. దేవసహాయం గట్టు మీద నుంచి, "ఎంత?" అని అరిచాడు. "చేనంత!" అని ఆమె అరిచింది. ఆయన నవ్వలేదు గానీ, బస్సు దాకా తోడు వచ్చాడు.

తిరిగి వచ్చేసరికి గోదాములో డేనియల్ ఉన్నాడు. ముఖంలో పాత వేగం లేదు. ఉమామహేశ్వరమ్మ తీర్పు అప్పటికే అయిపోయింది. కొత్తది ఉంటుంది. పాతదాన్ని ఈ పంటకాలం పోయేదాకా పారేయకూడదు. రెండూ పక్కపక్కన నడవాలి, రెండింటి మాటా కలిసినప్పుడే లారీ కదలాలి. కొత్తదాంట్లో 'మొలక లేదు' అని ఒక గడి పెట్టాలి, ఎర్రగా.

"ఇంకేమన్నా ఉండాదా ఆంటీ?" అన్నాడు డేనియల్. ఈసారి బ్యాగు తెరిచే ఉంది.

"కూచో నాయనా. సాయంత్రం దాకా ఉండాది."

చెప్పడం మొదలుపెట్టింది. నాలుగో, అయిదో చెప్పాక మాట ఆగింది. ఇంకా ఉన్నాయి, ఎన్నో ఉన్నాయి, కానీ చేతికి తెలిసినవి నోటికి రావడం లేదు. ఒకటి మరిచిపోతే చాలు, ఇంకో లారీ, ఇంకో దేవసహాయం. లేచిపోయి మూలనున్న దుప్పటి లాగింది. మీట నొక్కింది. రెండుసార్లు కీచుమని, డొక్కలో చరిస్తే లేచింది. తేదీ అడిగింది. చెప్పింది. వేళ్లు వాటంతట అవి పరుగెత్తాయి.

డేనియల్ పెన్ను పట్టుకుని వంగి చూస్తున్నాడు.

"ఆగండి ఆంటీ. ఇప్పుడు అది ఎందుకు రెండుసార్లు నొక్కినారు?"

జీవమ్మ తన చేతి వైపు చూసుకుంది.

"ఏది?" అంది.